కుంటికోడి ఎంచుకున్న దాణా

ఇంగ్లాండ్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బ్రాయిలర్ కోళ్ల ముందు రెండు రంగుల దాణా పెట్టి చూశారు. ఒక రంగుది మామూలు దాణా. ఇంకో రంగు దాణాలో కార్ప్రోఫెన్ అనే నొప్పిమందు కలిపారు. ఏ రంగు దాణా తింటే ఎలా ఉంటుందో కోళ్లకు తెలిసేలా చేసి, ఆ తర్వాత రెండిట్లో కావాల్సింది తినమని వదిలేశారు. బాగా నడవగలిగే కోళ్లకంటే కుంటుతున్న కోళ్లు మందు కలిపిన దాణా ఎక్కువగా తిన్నాయి. ఎంత ఎక్కువగా కుంటే కోడి అయితే అంత ఎక్కువగా మందు దాణా వైపు మొగ్గింది. 2000లో అచ్చయిన అధ్యయనం ఇది. అంతకు ముందు ఏడాది అచ్చయిన ఇంకో పరీక్షలో కుంటికోళ్లకు అదే మందిచ్చి చిన్నచిన్న అడ్డంకులు దాటిస్తే, దాటడానికి పట్టే సమయం దాదాపు సగానికి తగ్గింది.

కోడికి నొప్పి తెలుస్తుందా అని ఎవరైనా అడిగితే నేను వాదనకు దిగను. ఈ సంగతి చెప్తాను. నొప్పి లేని ప్రాణి నొప్పిమందు వెతుక్కోదు కదా.

ఆ కోళ్లు అసలు ఎందుకు కుంటుతున్నాయి? వాటిని ఎవరూ కొట్టలేదు, కాళ్లు కట్టెయ్యలేదు. వాటి ఒంటి బరువును వాటి కాళ్లే మోయలేకపోతున్నాయి. కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయంలో 1957 నాటి కోడిజాతినీ, 2005 నాటి వాణిజ్య జాతినీ ఒకే దాణాతో, ఒకే పద్ధతిలో పెంచారు. 56వ రోజున తూస్తే పాతజాతి కోడి 905 గ్రాములు, కొత్తజాతి కోడి 4,202 గ్రాములు తూగింది. మాంసం ఆ వేగంతో పెరుగుతుంది కానీ ఎముకలూ గుండే ఆ వేగాన్ని అందుకోలేవు. 2008లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం బ్రిటన్‌లో 51 వేల కోళ్ల నడకను పరిశీలించారు. సగటు వయసు 40 రోజులు. వాటిలో 27 శాతానికి పైగా సరిగ్గా నడవలేకపోయాయి. మూడు శాతానికి పైగా దాదాపు అడుగు వేయలేని స్థితిలో ఉన్నాయి. నలభై రోజుల కోడి అంటే ఇంకా పిల్లే. శరీరం పెద్దకోడిది, కూత మాత్రం పిల్లకూతే.

ఈ పిల్లల తల్లిదండ్రుల సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. వాటిదీ ఇదే జాతి కాబట్టి ఆకలీ ఇంతే ఉంటుంది. కానీ గుడ్లు పెట్టే వయసుదాకా అవి బతకాలి. కడుపునిండా తింటే బరువెక్కి అంతకాలం బతకవు, బతికినా సరిగ్గా గుడ్లు పెట్టవు. అందుకని ఎదిగే వయసంతా వాటికి తినగలిగిన దాంట్లో సగం లోపే పెడతారు. కడుపునిండా పెడితే చచ్చిపోయే ప్రాణిని తయారుచేసుకుని, దాన్ని బతికించడానికి ఆకలితో మాడుస్తున్నారు. జంతువులను వేలకొద్దీ షెడ్లలో కుక్కి పెంచే ఈ ఫ్యాక్టరీ ఫార్మింగ్ అంటే ఏమిటో ఒక్క ముక్కలో చెప్పమంటే నేను ఇదే చెప్తాను. ఇందులో క్రూరుడైన మనిషి ఎవరూ లేరు, డ్యూటీ మరిచినవాడూ లేడు. అంతా అనుకున్నట్టే జరుగుతోంది, హాని మాత్రం ఆగడం లేదు.

అందరూ మాట్లాడుకునే లెక్కలోకి వద్దాం. ఏటా ప్రపంచమంతటా మాంసం కోసం చంపే నేలజంతువులు 8,000 కోట్లకు పైనే. అందులో 7,000 కోట్లకు పైగా కోళ్లే. వీటిలో ఎక్కువ భాగం ఆరుబయట తిరిగినవి కావు, షెడ్లలో పెరిగినవి. ఒక షెడ్డులో ఇరవై వేలు, ముప్పై వేలు ఉండటం మామూలు. యూరోపియన్ యూనియన్ నిబంధనల్లో కూడా చదరపు మీటరుకు 42 కిలోల దాకా కోళ్లను ఉంచొచ్చు. రెండు కిలోల కోళ్లయితే ఆ కాస్త చోటులో ఇరవై ఒకటి. మామూలుగా బ్యాచ్ అయిపోయేదాకా కింద పరిచిన పొట్టు మార్చరు. రెట్టతో తడిసిన ఆ పొట్టులోంచి అమ్మోనియా లేస్తుంది, కళ్లు మండుతాయి. నడవలేక దాని మీదే కూర్చుండిపోయిన కోడికి మోకీళ్ల దగ్గర, రొమ్ము మీద చర్మం కాలినట్టు పుండ్లు పడతాయి.

ఇది ఒకరు కూర్చుని వేసిన పథకం కాదు. 1923లో అమెరికాలోని డెలావేర్‌లో సెసీల్ స్టీల్ అనే గృహిణి గుడ్ల కోసం 50 కోడిపిల్లలు అడిగితే, హేచరీ పొరపాటున 500 పంపింది. ఆమె వాటిని మాంసం కోసం పెంచి అమ్మితే లాభం వచ్చింది. మూడేళ్లలో పదివేల కోళ్లకు షెడ్డు కట్టింది. ఎండ తగలకుండా లోపలే పెంచితే పక్షుల ఎముకలు మెత్తబడేవి. విటమిన్ డి గురించి తెలిశాక దాణాలో చేపనూనె కలపడంతో ఆ అడ్డం తొలగింది. 1946 నుంచి 1948 దాకా అమెరికాలో, ఒక పెద్ద కిరాణా సంస్థ డబ్బుతో, ప్రభుత్వ వ్యవసాయ శాఖ తోడ్పాటుతో ‘రేపటి కోడి’ పోటీలు జరిగాయి. ఎక్కువ రొమ్ముమాంసం, తక్కువ రోజులు, తక్కువ దాణా కావాలన్నారు. ఆ పోటీల్లో గెలిచిన జాతుల రక్తం ఇవాళ్టి బ్రాయిలర్లలో ఉంది. ఒక్కో మెట్టూ చూస్తే సబబుగానే కనిపిస్తుంది. ఏ మెట్టు దగ్గరా కోడికి ఎలా ఉంటుందని అడిగినవాళ్లు లేరు, అంతే.

గుడ్ల కోడి కథ వేరే. దాని పూర్వీకులైన అడవికోళ్లు ఏడాదికి పది పదిహేను గుడ్లు పెట్టేవి. ఇప్పటి లేయర్ కోడి మూడువందల దాకా పెడుతుంది. గుడ్డు పెంకుకు కావాల్సిన కాల్షియం కొంత దాని ఎముకల్లోంచే పోతుంది. 2021లో అచ్చయిన డెన్మార్క్ అధ్యయనంలో 40 మందల్లో దాదాపు 4,800 కోళ్లను పరీక్షిస్తే, సుమారు 85 శాతానికి రొమ్ముఎముక విరిగి ఉంది. ఇక్కడ ఒక విషయం గమనించాలి. పంజరంలో లేని మందల్లో కూడా ఎముకలు విరిగాయి. ‘కేజ్ ఫ్రీ’ అని అట్ట మీద రాసి ఉంటే పంజరం తప్పిందని మాత్రమే అర్థం. అది చిన్న విషయం కాదు. ఉత్త వైరు పంజరంలో ఒక్కో కోడికి దక్కేది ఏ4 కాగితం కంటే తక్కువ చోటు. రెక్క విప్పలేదు. గుడ్డు పెట్టే ముందు గూడు వెతుక్కోవడం దాని పుట్టుబుద్ధి, ఆ వైర్ల మీద వెతకడానికి ఏమీ ఉండదు. గుడ్డు పెట్టేదాకా అటూ ఇటూ తచ్చాడుతుంది. పంజరం పోతే ఆ బాధ పోతుంది. ఒంట్లోనే ఇమిడిన బాధ మాత్రం పోదు. ఇక ఈ జాతిలో పుట్టిన మగపిల్లలు గుడ్లు పెట్టవు, లాభం వచ్చేంత మాంసమూ పట్టవు. ఏటా సుమారు 700 కోట్ల మగపిల్లలను పుట్టిన రోజే గ్యాస్ పెట్టో, యంత్రంలో వేసో చంపుతున్నారు. జర్మనీ 2022 జనవరి 1 నుంచి దీన్ని నిషేధించింది. గుడ్డులో ఉండగానే ఆడా మగా కనిపెట్టే పరికరాలు అక్కడ వాడుకలోకి వచ్చాయి.

పంది గురించి ఒక్క దృశ్యం చెప్తాను. కడుపుతో ఉన్న ఆడపందిని చాలా ఫారాల్లో ఇనుప చువ్వల గదిలో పెడతారు. వెడల్పు సుమారు 60 సెంటీమీటర్లు, పొడవు రెండు మీటర్ల చిల్లర. లేచి నిలబడొచ్చు, పడుకోవచ్చు. వెనక్కి తిరగలేదు. పంది చూలు 114 రోజులు. ఈనడానికి ముందు ఇంకో చువ్వల గదికి మారుస్తారు. ఎన్ని తరాలుగా మనిషి పెంపకంలో ఉన్నా, ఈనబోయే పంది గడ్డీ ఆకులూ పోగేసి గూడు కడుతుంది. గడ్డి లేకపోయినా ఆ తపన ఆగదు. సిమెంటు నేలను ముందుకాలితో గీరుతుంది, ముట్టెతో పొడుస్తుంది, చువ్వలు కొరుకుతుంది. చెయ్యాల్సిన పని ఏమిటో దానికి తెలుసు, చెయ్యడానికి ఏమీ లేదు. రాత్రి నిద్ర పట్టనివ్వని దృశ్యం ఏదైనా ఉంటే నాకు ఇదే.

1964లో రూత్ హారిసన్ అనే బ్రిటిష్ రచయిత్రి ఇలాంటి ఫారాల గురించి ఒక పుస్తకం రాస్తే దేశమంతా కదిలింది. ప్రభుత్వం కమిటీ వేసింది. 1965లో ఆ బ్రాంబెల్ కమిటీ, ఏ జంతువుకైనా కనీసం లేవడానికి, పడుకోవడానికి, వెనక్కి తిరగడానికి, ఒళ్లు శుభ్రం చేసుకోవడానికి, కాళ్లూ రెక్కలూ చాపుకోవడానికి వీలుండాలని చెప్పింది. అరవై ఏళ్లయింది. వెనక్కి తిరగలేని పందులు ఇంకా కోట్లలో ఉన్నాయి.

చేపల సంగతి ఇక్కడ విప్పడానికి చోటు చాలదు. 2022లో మొదటిసారిగా, పట్టిన చేపలూ రొయ్యలకంటే పెంచినవే ఎక్కువయ్యాయన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. కోళ్ల షెడ్డులో జరిగిందే ఇప్పుడు నీళ్లలో మొదలైంది.

జంతువుల బాధ కదిలించనివాళ్లు కూడా ఆగాల్సిన చోటు మందుల దగ్గర ఉంది. పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ప్రసంగంలోనే హెచ్చరించాడు: చాలీచాలని మోతాదులో మందు వాడితే క్రిములు చావవు, మందుకు అలవాటు పడతాయి అని. ఐదేళ్లు తిరక్కముందే, 1950లో, దాణాలో కొద్దిగా యాంటీబయాటిక్ కలిపితే జంతువులు వేగంగా పెరుగుతాయని అమెరికాలో తేలింది. ఏది చెయ్యొద్దన్నాడో అదే రోజువారీ పద్ధతి అయింది. ఇవాళ ప్రపంచంలో అమ్ముడయ్యే ఈ రకం మందుల్లో నాలుగింట మూడు వంతులకు దగ్గరగా జంతువులకే వాడుతున్నారని అంచనా. అందులో పెద్ద భాగం జబ్బు నయం చెయ్యడానికి కాదు. అంత ఇరుకులో, అంత మురికిలో జబ్బు రాకుండా ఆపడానికి. అంటే మందు అక్కడ గాలీ వెలుతురూ చోటూ చెయ్యాల్సిన పని చేస్తోంది.

దీని ఫలితం కొలిస్టిన్ విషయంలో బయటపడింది. వేరే ఏ మందూ పనిచెయ్యనప్పుడు ఆసుపత్రుల్లో డాక్టర్లు ఆఖరికి వాడే మందు అది. చైనాలో పందులకు దాణాలో టన్నులకొద్దీ కలిపేవారు. దాన్ని తట్టుకునే ఎంసీఆర్-1 అనే జన్యువు పందుల్లో, మాంసంలో, రోగుల్లో కనిపించిందని 2015 నవంబరులో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకో బ్యాక్టీరియాకు తేలిగ్గా పాకే జన్యువు అది. చైనా 2017లో, భారత్ 2019లో పశువుల దాణాలో దాని వాడకాన్ని ఆపాయి. 2019 ఒక్క ఏడాదే మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా 12.7 లక్షల మంది చావుకు కారణమైంది. ఆ చావులన్నీ ఫారాల వల్లే అనడం అబద్ధం. ఆసుపత్రుల్లో, ఇళ్లలో ఇష్టమొచ్చినట్టు మందులు మింగడం వల్ల పోయినవి చాలా ఉన్నాయి. కానీ మనుషుల దగ్గర ఎంత జాగ్రత్త పడినా, ఇంకోవైపు తూము తెరిచిపెడితే లాభమేంటి? యూరోపియన్ యూనియన్ ఎదుగుదల కోసం యాంటీబయాటిక్స్ కలపడాన్ని 2006లో ఆపేసింది. అక్కడ ఫారాలు మూతపడలేదు. అంటే ఆపడం కుదిరే పనే.

వైరస్‌లది ఇంకో దారి. దాదాపు ఒకే జన్యువులున్న వేల ప్రాణులు ఒక్కచోట ఉంటే, ఒకదానికి సోకిన వైరస్‌కు అడ్డే ఉండదు. 1998-99లో మలేషియాలో పందుల ఫారాల పక్కన పండ్లచెట్లు ఉండేవి. గబ్బిలాలు కొరికి పడేసిన పండ్ల నుంచి నిపా వైరస్ పందులకు చేరింది, వాటి నుంచి మనుషులకు వచ్చింది. 105 మంది చనిపోయారు, పది లక్షలకు పైగా పందుల్ని చంపేశారు. ఇప్పుడు వణికిస్తున్న హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ రకం 1996లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో ఒక బాతుజాతి పక్షిలో బయటపడింది. మరుసటి ఏడాది హాంకాంగ్‌లో 18 మందికి సోకితే ఆరుగురు పోయారు. 2022 నుంచి అమెరికాలోనే పది కోట్లకు పైగా పెంపుడు పక్షులు దీని దెబ్బకు పోయాయి, అందులో ఎక్కువ చంపేసినవే. అన్ని పక్షుల్ని ఒక్కసారి చంపడానికి వాడిన పద్ధతుల్లో ఒకటి, షెడ్డు ఫ్యాన్లు ఆపేసి వేడి పెంచడం. లోపలున్నవి ఉడికి చనిపోతాయి.

చుట్టుపక్కల బతికే మనుషుల గురించి కూడా చెప్పాలి. అమెరికాలోని నార్త్ కరోలైనా రాష్ట్రంలో డూప్లిన్ అనే కౌంటీ (మన జిల్లాలాంటిది) ఉంది. అక్కడ మనుషులకు ముప్పై రెట్లు పందులు. వాటి మలమూత్రాలన్నీ తెరిచిన గుంటల్లో నిలవబెట్టి, పొలాల మీద చల్లుతారు. ఆ తుంపర గాలికి ఇళ్లమీద పడుతుంది. అక్కడివాళ్లు కిటికీ తెరవలేమని, బట్టలు ఆరేసుకోలేమని కోర్టుకెక్కారు. 2018లో జ్యూరీలు వాళ్ల వైపే తీర్పిచ్చాయి. అదే రాష్ట్రంలో 1995 జూన్‌లో ఒక గుంట కట్ట తెగి తొమ్మిది కోట్ల లీటర్లకు పైగా మురుగు న్యూ రివర్‌లో కలిసింది. చేపలు కుప్పలుగా చచ్చి తేలాయి. ఇలాంటి గుంటలు డబ్బున్నవాళ్ల ఇళ్ల పక్కన ఉండవు.

ఇప్పుడు అసలు చిక్కుముడి. పర్యావరణం పేరుతో ఫ్యాక్టరీ ఫార్మింగ్‌ను వ్యతిరేకించేవాళ్లు ఒక విషయం దాటవేస్తుంటారు. కిలో మాంసానికి ఎంత కార్బన్, ఎంత భూమి అని మాత్రమే లెక్క వేస్తే షెడ్డులో పెరిగిన కోడి చాలా తక్కువ ఖర్చులో తేలుతుంది. పచ్చికబయళ్లలో హాయిగా మేసిన ఆవు మాంసం ఆ లెక్కలో చాలా చెడ్డది. భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు ఎక్కువ, వాడుకునే భూమి ఎక్కువ. కంపెనీలు చెప్పే ఈ మాట అబద్ధం కాదు. అందుకే ‘ఆవుమాంసం మానండి, కోడికి మారండి’ అన్న సలహా ఇన్నిచోట్ల వినిపిస్తోంది.

ఆ సలహా పాటిస్తే ఏమవుతుందో చూడండి. ఒక ఆవు నుంచి వచ్చేంత మాంసం కోళ్ల నుంచి రావాలంటే వందకు పైగా కోళ్లు కావాలి. ఆ వందా పైన చెప్పిన షెడ్డులోంచే వస్తాయి. కార్బన్ తగ్గుతుంది, బాధపడే ప్రాణాల సంఖ్య వందరెట్లు అవుతుంది. నా ఉద్దేశంలో ఈ మొత్తం చర్చలో జరుగుతున్న పెద్ద తప్పు ఇదే. లెక్కలో జంతువును ఒక గడిగా పెట్టకపోతే, ఎంత మంచి ఉద్దేశంతో లెక్క వేసినా జవాబు షెడ్డువైపే చూపిస్తుంది. పొదుపు అన్న మాటలో కొంత ఆ కోడి నడవలేకపోవడంలోంచే వస్తోంది. నడిస్తే దాణా కరుగుతుంది మరి.

పోలిక ఆవుతోనే ఎందుకు పెట్టాలి అన్నది ఇంకో ప్రశ్న. మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో వేసిన లెక్క ప్రకారం 100 కేలరీల పంట జంతువుకు పెడితే కోడిమాంసంగా తిరిగివచ్చేవి 12, పందిమాంసంగా 10, ఆవుమాంసంగా 3. ప్రపంచంలో పండే సోయాలో దాదాపు నాలుగింట మూడు వంతులు జంతువుల దాణాకే పోతోంది. పప్పులతో, చిక్కుళ్లతో పోల్చితే షెడ్డు కోడి ఏ లెక్కలోనూ గెలవదు, కార్బన్‌లో కూడా. కోడి గెలిచేది ఆవులాంటి వేరే జంతువుతో పందెం పెట్టినప్పుడే.

పేదవాళ్లకు చవగ్గా మాంసకృత్తులు దొరుకుతున్నాయి, దాన్ని లాగేస్తారా అని అడుగుతారు. అది నిజాయితీగా అడిగే ప్రశ్న, నిజాయితీగానే జవాబు చెప్పాలి. అవును, షెడ్లు పోతే మాంసం ధర పెరుగుతుంది. ఇప్పటి ధరలో చేరని ఖర్చు వేరేవాళ్లు కడుతున్నారు: మందు పనిచెయ్యక ఆసుపత్రిలో ఉన్న రోగి, గుంట పక్కన ఇల్లున్నవాడు, కోతశాలలో గంటకు వేల కోళ్లు కదిలే లైన్ మీద చేతులు పడిపోయిన కార్మికుడు. కంపెనీతో ఒప్పందం మీద కోళ్లు పెంచే రైతు సంగతీ చూడండి. పిల్లలు కంపెనీవి, దాణా కంపెనీది, మందులు కంపెనీవి. షెడ్డు అప్పూ, చచ్చిన కోళ్లూ మాత్రం రైతువి. వీళ్లలో చాలామంది పేదవాళ్లే. ప్రభుత్వాలు దాణా పంటలకూ పశుపోషణకూ ఇచ్చే సబ్సిడీలో కొంత పప్పుధాన్యాలకు మళ్లిస్తే పేదవాడి కంచం ఖాళీ కాదు.

మరి మార్పు వస్తుందా? వచ్చిన చోట ఎలా వచ్చిందో చూడాలి. 2022 సెప్టెంబరులో స్విట్జర్లాండ్‌లో ఫ్యాక్టరీ ఫార్మింగ్ రద్దు మీద ఓటింగ్ పెడితే దాదాపు 63 శాతం వద్దన్నారు. యూరప్‌లో పంజరాలు రద్దు చెయ్యమని దాదాపు 14 లక్షల మంది సంతకాలు పెట్టారు. 2023 ఆఖరుకల్లా చట్టం ప్రతిపాదిస్తామని యూరోపియన్ కమిషన్ 2021లో మాట ఇచ్చింది. 2023 వెళ్లిపోయింది, ప్రతిపాదన రాలేదు. మరోవైపు అదే యూరప్ 2012 నుంచి ఉత్త వైరు పంజరాలను నిజంగానే తీసేసింది. బ్రిటన్ 1999లో ఆడపందుల చువ్వల గదులను ఎత్తేసింది. అమెరికాలోని కాలిఫోర్నియా 2018లో ఓటర్ల నిర్ణయంతో ఇంకో అడుగు ముందుకేసింది. వెనక్కి తిరగలేని ఇరుకులో పెంచిన పంది మాంసాన్ని, అలాంటి కోడి గుడ్లను ఎక్కడ పెంచినా సరే, తమ రాష్ట్రంలో అమ్మకూడదంది. పరిశ్రమ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2023 మేలో ఓడిపోయింది. నా దృష్టిలో గట్టి దారి ఇదే. పెంచేచోట మాత్రమే నిషేధిస్తే ఫారం సరిహద్దు దాటి అవతల వెలుస్తుంది. అమ్మేచోట ఆపితే దానికి వెళ్లడానికి చోటుండదు.

ఫారం లోపల రహస్యంగా వీడియో తీయడమే నేరమని యూటా, ఐయోవా, ఐడహో లాంటి అమెరికా రాష్ట్రాలు చట్టాలు చేశాయి. వాక్ స్వాతంత్ర్యానికి విరుద్ధమని కోర్టులు వాటిలో చాలా భాగాలను కొట్టేశాయి. గోడలు తెరిచి చూపిస్తే జనం తినడం మానేస్తారని ఆ చట్టాలు చేసినవాళ్లకు తెలుసు. ఆ వీడియోల్లో ఎవడో పనివాడు జంతువును కొడుతూ కనిపిస్తే అతన్ని ఉద్యోగంలోంచి తీసేస్తారు, వార్త అక్కడితో ముగుస్తుంది. అతను కొట్టకపోయినా అక్కడి పంది వెనక్కి తిరగలేదు, అక్కడి కోడి లేవలేదు. అడగాల్సింది ఆ వార్త ముగిసిన దగ్గర్నుంచే.

ఇంట్లో ఏం చెయ్యాలని అడిగేవాళ్లకు ఒక్క మాట చెప్తాను. మాంసం తగ్గించాలనుకున్నవాళ్లు మామూలుగా పెద్ద జంతువుతో మొదలుపెట్టి ఆ ఖాళీని కోడితో, గుడ్డుతో నింపుతారు. ఆ వరస తిప్పండి. ముందు షెడ్డు కోడినీ, షెడ్డు గుడ్డునూ తగ్గించండి, ఆ చోట పప్పు పెట్టండి. ఏటా చంపుతున్న 8,000 కోట్లలో 7,000 కోట్లకు పైగా ఉన్నవి అక్కడే.